ఇసుకలో ఎవరూ దిగొద్దు

మా బావ పోయాడన్న కబురు లేతు మిషను చప్పుడులో వచ్చింది. టెక్కలిలో నా షాపులో ఒక షాఫ్టు బిగించి తిప్పుతున్నాను. ఫోను మోగింది. మేనకోడలు.

"మావా, నాన్న ఎల్లిపోనాడు. పలాస ఆస్పత్రిలో ఉన్నాం. జీపు నాకాడే ఉంది. బేగి రా."

మిషను కట్టేశాను. కట్టేసినా చక్రం కొంతసేపు తనంతట తానే తిరిగింది. అది ఆగేదాకా చూస్తూ నిలబడి, చేతికున్న నూనె తుడుచుకోకుండానే బస్సెక్కాను.

ఆయన మా అక్క భర్త. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఆయనకు బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. కాపురం మాత్రం కవిటి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊళ్లో. ఆ ఊరి నుంచి రోజు విడిచి రోజు కిడ్నీ రోగుల్ని తన జీపులో పలాస తీసుకొచ్చి డయాలసిస్‌కు దింపేవాడు. వాళ్లు మిషను మీద ఉన్నంతసేపూ షెడ్డులో పని చేసుకునేవాడు. సాయంత్రం అందర్నీ ఎక్కించుకుని ఊరికి మళ్లేవాడు. ఇదంతా ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. అది రాయాల్సిన అవసరం సంతాప సభ వల్ల వచ్చింది.

కాశీబుగ్గలో మెకానిక్కులంతా కలిసి ఆ సభ పెట్టారు. హైవే పక్కన పెద్ద షెడ్డు నడిపే ఆసామి మైకు పట్టుకుని, "ఆ జీపుకి ఇంజను ఎంచుకునేటప్పుడు సలహా ఇచ్చింది నేనే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న నేను కొట్టలేదు. లేచి ఏమీ అనలేదు కూడా. యాభై ఏళ్లుగా పుస్తకాలు చదువుతున్నవాణ్ని. మైకులో అన్న మాట ఆ సాయంత్రానికే పోతుందని, కాగితం మీద పెట్టింది ఉంటుందని తెలుసు. ఆ ఆసామి ఇచ్చిన సలహా ఏమిటో, మా బావ దాన్ని ఏం చేశాడో చెబుతాను. ఆసామి ఆ సభలో చెప్పకుండా మింగేసిన తాడు సంగతి కూడా చెబుతాను.

ముందుగా ఒక మాట. మా బావ వినయవంతుడని సభలో ఎవరో అన్నారు. అబద్ధం. ఉద్దానంలో అంతటి గొప్పలరాయుడు లేడు. "పలాసంటే ఏటి బామ్మర్దీ? జీడిపప్పూ, నానూ" అనేవాడు. జీడిపప్పును ముందు చెప్పడమే ఆయన వినయం.

మా అక్కకు కిడ్నీలు పాడైన తర్వాత మొదలైంది ఇదంతా. ఊరి నుంచి మంచి రోడ్డెక్కేలోపు సరుగుడు తోటకూ మొగలి పొదలకూ మధ్య కొంత దారి వట్టి ఇసుక. రోడ్డు మంజూరైందన్న వార్త ప్రతి ఎన్నికలకూ వస్తుంది, రోడ్డు రాదు. రోగుల్ని నింపుకున్న జీపు ఆ ఇసుకలోకి దిగగానే గింజుకునేది. టైర్లలో గాలి తగ్గించాం. వెడల్పు టైర్లు వేశాం. చక్రాలు కూరుకుపోయే బెడద తగ్గింది గానీ, అప్పుడు ఇంజనే ఆగిపోయేది. దానికి ఊపిరి చాలేది కాదు. అందరూ దిగాలి. ఉబ్బిన కాళ్లతో, సూదులు గుచ్చీ గుచ్చీ కమిలిన చేతులతో, ఒకర్నొకరు పట్టుకుని ఇసుక దాటాలి. ఓపిక ఉన్నవాళ్లు బండిని వెనక నుంచి తొయ్యాలి.

ఒకరోజు నేనూ ఆ బండిలోనే ఉన్నాను. అక్క దిగి, నా భుజం పట్టుకుని నడుస్తూ నవ్వింది. "ఒరే తమ్ముడా, ఈ బండి నన్ను మోత్తన్నాదా, నాను దీన్ని మోత్తన్నానా? మీ బావనడిగి సెప్పు."

బావ విన్నాడు. మర్నాడు పొద్దున్నే టెక్కలిలో నా షాపు ముందు నిలబడ్డాడు.

"బామ్మర్దీ, టర్బో ఎట్టేద్దాం."

ఇంజను బయటికి వదిలే పొగ ఊరికే పోకుండా, దానితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రం ఇరుసుకే ఉన్న రెండో చక్రంతో గాలిని మళ్లీ ఇంజనులోకి దట్టించే సామాను అది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది. అదే ఇంజను ఇంకా బరువు లాగుతుంది. అక్కకు దాన్ని ఆయన చెప్పిన తీరు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు: "ఒగ్గేసిన ఊపిరితోనే కొత్త ఊపిరి పీలుత్తాదే. అంతే."

అయితే జీపులో ఉన్న ముసలి ఇంజను ఆ ఒత్తిడికి తట్టుకోదు. వేరేది కావాలి. కొత్తకాలం ఇంజన్లు ఆయనకు గిట్టవు. పల్చటి గోడలు, అన్నిటికీ కంప్యూటరు. "కంప్యూటర్నడక్కుండా దగ్గదు కూడాని" అనేవాడు. ఆయనకు కావలసింది పాతకాలం నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను. ఇనుప దిమ్మ, మందపాటి గోడలు, సిలిండర్లకు లోపల ఒకసారి కూడా బోరు కొట్టించనిది. పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, అయిదు చోట్ల బేరింగులు పట్టుకుని ఉండాలి. అలాంటివి జనం తూకానికి అమ్మేస్తున్న రోజులు. మేమిద్దరం ఆదివారాలు స్కూటరు మీద పడి తిరిగాం. ఆ రోజులు తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు వేడెక్కుతుంది. సంతలో ఎద్దుల్ని ఎంచినట్టు ఎంచేవాళ్లం.

అప్పుడు కబురు పెట్టాడు హైవే షెడ్డు ఆసామి. నాలుగు సిలిండర్ల ఇంజను, నల్లగా నిగనిగలాడే కొత్త రబ్బరు హోసులు, ఆకుపచ్చ రంగు. నిజం చెప్పాలంటే అందంగా ఉంది.

"మూలపేట వైపు మరబోటుది. సూడండి, పెళ్లికొడుకునాగ ఉంది. దీనికి లారీ టర్బో ఎట్టేయండి, రైలింజనయిపోద్ది" అన్నాడు. ఇదీ ఆ మహానుభావుడు ఇచ్చిన సలహా. మొత్తం ఇంతే.

బావ దాని చుట్టూ తిరిగాడు. పక్కన ఉన్న నీళ్ల బిరడా విప్పాడు. లోపలికి వేలు పెట్టి తుప్పు గీకాడు. ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

షెడ్డులో పనివాళ్లంతా ఆగి చూశారు. బావ చప్పరించి, పక్కకు తుపుక్కున ఉమ్మాడు.

"ఇది సముద్రం తాగింది."

"ఏటి తాగింది?"

"ఉప్పునీరు. పైకి పెళ్లికొడుకే బాబూ, లోన ఎముకల్లేవు. టర్బో ఎడితే పగిలి నీళ్లు కక్కుద్ది. మాకొద్దు."

మా తీరంలో కొన్ని బోట్లలో సముద్రపు నీళ్లనే నేరుగా ఇంజనులోకి పంపి చల్లబరుస్తారు. లోపల నీళ్లు తిరిగే దారుల్ని ఉప్పు తినేస్తుంది. బయట రంగు వేస్తే ఎవరికీ కనపడదు. కళ్లకు కనపడనిదాన్ని బావ నాలుకతో చూశాడు.

ఆసామి ఊరుకోలేదు. "ఇంజను నాకి సూసే మెకానిక్కుని ఇప్పుడే సూత్తన్నాను. ఏటి బావుగారూ, ఉప్పు సరిపోనాదా? ఊరగాయేటైనా తెమ్మంటారా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి కాశీబుగ్గలో మా బావకు 'నాకుడు మెకానిక్కు' అని పేరు పడింది. సభలో పూలదండ వేసినవాళ్లలో ఆ పేరుతో పిలవనివాళ్లు ఎవరూ నాకు కనిపించలేదు. ఆ ఆకుపచ్చ ఇంజనును ఆసామి తర్వాత ఒక ఇటుక బట్టీ ఆయనకు అంటగట్టాడు. అది వానాకాలం రాకముందే పగిలి నీళ్లు కక్కింది. ఆ సంగతి కూడా సభలో ఎవరికీ గుర్తు రాలేదు.

మాకు కావలసింది కంచిలి దగ్గర దొరికింది. కొబ్బరి పీచు తీసే మిల్లులో, మిషను పట్టా తిప్పుతూ తిప్పుతూ మూలపడ్డ ఇంజను. పీచు దుమ్ము కప్పేసి ఎలుగుబంటిలా ఉంది. బావ బిరడా విప్పి, వేలు పెట్టి, నాలిక్కి రాసుకున్నాడు. మొహం వెలిగింది.

"నుయ్యి నీళ్లు! ఉప్పు లేదు, ఏటీ లేదు." తర్వాత కాస్త ఆగి అన్నాడు. "మన నీళ్లు మనుసులకి పడతన్నాయో లేదో ఎవలూ సెప్పలేకపోతన్నారు బామ్మర్దీ. దీనికి మాత్రం పడ్డాయి."

నేను మూత విప్పించి బోరు కొలిచాను. పుట్టినప్పటి కొలతే. ఎవరూ ముట్టలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం. సంతోషం కనపడితే మిల్లు ఆయన బిగుసుకుపోతాడు.

టెక్కలి తెచ్చాక క్రాంకు విప్పి, నా షాపు దూలానికి తాడుతో వేలాడదీశాం. చిన్న సుత్తితో తట్టాలి. గంటలా మోగితే పగుళ్లు లేనట్టు. సొట్ట గిన్నెలా పలికితే లోపలెక్కడో పగులున్నట్టు. బావ తట్టాడు. ఎంత చక్కగా మోగిందంటే, ఆయన కళ్లు మూసుకుని అది ఆగేదాకా విని, అవసరం లేకపోయినా ఇంకోసారి తట్టాడు. పక్క టీకొట్టు ముసలాయన వచ్చి తొంగిచూశాడు. "ఏటి, బడి గంట మీకాడికొచ్చేసిందేటి?" బావ సుత్తి ఆయన చేతికిచ్చి, "నువ్వూ కొట్టు మావా, ఇలాంటిది మళ్లీ ఇనవు" అన్నాడు. ముసలాయన కూడా కొట్టి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

పనిలో మా ఇద్దరికీ పడేది కాదు. పిస్టను రింగుల చివరల మధ్య సందు మామూలుకంటే ఎక్కువ ఉంచాలని నేనన్నాను. టర్బో వేడికి రింగు సాగి, చివరలు ఒకదాన్నొకటి తన్నుకుంటే గోడ చీరుకుపోతుంది. "ఏ బుక్కులో సదివేవు?" అన్నాడు. చెప్పాను. "ఆ బుక్కు రాసినోడు మన ఇసక సూసేడేటి?" నేను ఒక రింగు బోరులో పెట్టి, మంట చూపించాను. మేం చూస్తుండగానే సందు మూసుకుంది. ఆయన మీసం తడుముకుని, "సరే, ఇంకాస్త ఒగ్గేయ్. నానూ అదే అనబోతన్నాను" అన్నాడు.

లారీ టర్బో ఆయనకు అక్కర్లేదు. విశాఖపట్నం తుక్కు బజారులో, పాడైపోయిన చిన్న డీజిలు కారుది వెతికి తెచ్చాడు. బత్తాయికాయంత ఉంది. పెద్దది అయితే ఇంజను బాగా వేగం అందుకున్నాక గానీ నిద్ర లేవదు. ఇసుకలో అంత వేగం ఎక్కడిది? "మనకి మొదట్లోనే లెగిసేది కావాల. పొద్దెక్కి లెగిసే జమీందారు మనకేల?" అన్నాడు. దానిని బిగించడానికి దళసరి ఇనుప పలక కోసి, చిల్లులు వేసి, నా లేతు మీద నునుపు తీశాను. ఆ పలక ఇప్పటికీ ఆ జీపులో ఉంది. ఎవరికైనా అనుమానం ఉంటే బానెట్టు ఎత్తి చూసుకోవచ్చు.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు కాశీబుగ్గ వీధి కనపడలేదు. నీలిరంగు పొగ. మిఠాయి కొట్టువాడు తిట్టాడు, జీడిపప్పు బస్తాల మీద పొగ వాలిందని ఇంకొకడు పరుగెత్తుకొచ్చాడు. టర్బో ఇరుసుకు నూనె వెళ్లే గొట్టం సన్నగా ఉన్నా ఫరవాలేదు, దిగే గొట్టం లావుగా, తిన్నగా కిందికి ఉండాలని నేను ముందే చెప్పాను. ఆయన వినకుండా రెండూ ఒకే లావువి వేశాడు. దిగలేని నూనె వెనక్కి తన్ని పొగయింది. గొట్టం మార్చాం. పొగ మాయమైంది. వారం తిరగకుండా ఆయన షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు: "వొచ్చే దారి సన్నగున్నా పరవాలేదు. పోయే దారి ఎడంగా ఉండాల." సభలో ఇద్దరు ఈ మాట ఆయన సూక్తిగా చెప్పారు. మాట నాది. ఆయనకే ఉంచేశాను, ఇప్పుడు తిరిగి అడగను.

ఆ మాట విని అక్క తన చేతికున్న పట్టీ వైపు చూసుకుంది. "మీ బావకి తెలిసింది నా కిడ్నీలకి తెలిస్తే ఎంత బాగున్ను!" అంది. ఆ ఇంట్లో అందరికంటే బాగా మాట్లాడేది ఆవిడే.

పరీక్ష రోజు ఊరంతా ఇసుక దగ్గరికొచ్చింది. వెనక రోగుల బరువుకు సరిపడా కొబ్బరికాయల బస్తాలు వేశాం. ఖాళీ సీట్లో అక్క ఎక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు. "నన్ను దించీసిన ఇసక ఇది. దీని మీంచి కూకునే ఎల్తాను." హైవే ఆసామి మోటారుసైకిలు మీద కూర్చుని చూస్తున్నాడు. "పారలు తెచ్చుకున్నారా?" అని అరిచాడు.

బావ గేరు వేశాడు. ముందు చక్రాలు ఇసుకలోకి దిగాయి. ఇంజను గొంతు మామూలుగానే అణిగింది. ఎప్పుడూ ఆగిపోయే చోటు వచ్చింది. అక్కడే, బానెట్టు కిందనుంచి సన్నగా ఈల మొదలైంది. ఈల పెరిగింది. వెనక ఎవరో చెయ్యి వేసి తోసినట్టు జీపు ముందుకు ఊగింది. ఇసుక రెండు పక్కలా విడిపోయింది. మొగలి పొదలు దాటింది, సరుగుడు తోట దాటింది, గట్టి నేల ఎక్కేసింది. ఊరంతా కేకలు. నేనూ పరుగెత్తాను, చెప్పులు ఇసుకలో వదిలేసి. అక్క కిందికి వంగి, "తమ్ముడా, దిగలేదురా! నాను దిగలేదు!" అంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ రోజు నుంచి ఆ జీపుకు రెండు రూళ్లు. ఇసుకలో ఎవరూ దిగొద్దు. ఊరు చేరాక చివరి మనిషి దిగేదాకా ఇంజను కట్టకూడదు. రెండోదానికి కారణం ఉంది. బరువు లాగిన టర్బో కాలిపోతూ ఉంటుంది. ఇంజను వెంటనే కట్టేస్తే ఇరుసులో నూనె మాడిపోతుంది. కాసేపు నెమ్మదిగా తిరగనివ్వాలి. ఆయన గడియారం చూసేవాడు కాదు. ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టి దింపేవాడు, ఏం తిన్నావని అడిగేవాడు, తిట్టేవాడు. అందరూ దిగేసరికి టర్బో చల్లబడేది. అందుకని ఎవరూ తొందరపడి దిగాల్సిన పని ఉండేది కాదు. మా అక్క బతికిన మిగతా కాలమంతా ఆ ఇసుక మీద కూర్చునే వెళ్లింది. అక్క పోయాక కూడా ఆయన బండి ఆపలేదు. చేతులు వణకడం మొదలయ్యాక స్టీరింగు కూతురికిచ్చి, పక్క సీట్లో కూర్చుని ఆమెను తిట్టేవాడు.

ఇక తాడు సంగతి.

ఆయన్ని పలాస నుంచి ఇంటికి ఆ జీపులోనే తీసుకెళ్లాం. మేనకోడలు నడిపింది. వెనక ఆయన కాళ్ల దగ్గర నేను. ఎవరో బానెట్టు మీద బంతిపూల దండ కట్టారు. మా వెనక హైవే ఆసామి పెద్ద కొత్త కారు వచ్చింది. తెల్ల బట్టలు, నల్ల అద్దాలు. ఇసుక దగ్గర ఈల వినిపించింది, మేం దాటేశాం. వెనక్కి తిరిగి చూస్తే కారు ఇసుకలో కూలబడి ఉంది. ఆసామి దిగి, మడమల దాకా కూరుకుపోయి నిలబడ్డాడు. నేను దాచను. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మేనకోడలు గట్టి నేల మీద జీపు ఆపింది. ఇంజను కట్టలేదు.

"మావా, సీటు కింద తాడుంది. తియ్యి."

"దేనికే?"

"లాగడానికి."

"నీకేటైనా మతుందా? లోన మీ నాన్నున్నాడు. ఆడు మీ నాన్నకి పెట్టిన పేరు తెల్దా?"

"తెలుసు. నాన్నుంటే ఏటి సేసును?"

"తిట్టును."

"తిట్టి?"

నేను సీటు కిందికి వంగాను. తాడు తీశాను. బోట్లు లాగే పొడుగాటి తాడు. ఆ కారుకు ముడి నా చేతుల్తోనే వేశాను, మా బావను నాకుడు మెకానిక్కు అన్న మనిషి పక్కన నిలబడి చూస్తుండగా. ఆయన కారును వెనక నుంచి తోద్దామని పంచె ఎగ్గట్టాడు. మేనకోడలు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"బాబుగారూ, ఎక్కి కూకోండి. ఇసకలో ఎవలూ దిగకూడదు."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. తాడు బిగిసింది. జీపు గొంతు అణిగి, సన్నటి ఈల లేచింది. కంచిలి పీచు మిల్లు ఇంజను, నేను కోసిన పలక, బత్తాయికాయంత టర్బో కలిసి ఆ కారునూ అందులో ఉన్న మనిషినీ ఇసుక దాటించాయి. బావ కాళ్లు జారిపోకుండా నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

ఇంటి ముందు జనం ముసురుకున్నారు. మేనకోడలు సీట్లోంచి కదల్లేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. "మెల్లగా దించండి, తొందరేటీ లేదు" అంది. ఆయన్ని దించారు. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, దుప్పటి సర్దారు. అప్పటిదాకా బానెట్టు మీద బంతిపూల దండ ఇంజనుతో పాటు సన్నగా వణుకుతూనే ఉంది. మేనకోడలు చాప వైపు చూసి, తాళం తిప్పింది. పూలు ఆగిపోయాయి.